వెల్లకిలా పడుకోకు

రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసిన ముప్ఫయి చిల్లర సంవత్సరాలలో ఎక్కువ భాగం నేను పెనుకొండ, హిందూపురం, ధర్మవరం స్టేషన్ల మధ్యనే గడిపాను. గుంతకల్లు వైపు నుంచి బెంగుళూరు పోయే లైను అది. మూడు చోట్లా రాత్రి డ్యూటీలు చేశాను. మూడు చోట్లా, డ్యూటీ దిగి వచ్చి పడుకున్న నిద్రలో, నా గుండెల మీద ఎవరో వచ్చి కూర్చున్నారు.

పాఠకులలో కొందరికి ఈపాటికే సంగతి అర్థమై ఉంటుంది. వారికీ జరిగి ఉంటుంది గనక. మెలకువ వస్తుంది. గది తెలుస్తూ ఉంటుంది. ఫ్యాను తిరగడం కనిపిస్తుంది, వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తుంది. కాని చెయ్యి కదలదు, కాలు కదలదు, నోరు పెగలదు. అంతలో గదిలో ఎవరో ఉన్నారని తెలుస్తుంది. చూడకుండానే తెలుస్తుంది, అదీ చిత్రం. అడుగులు మంచం దగ్గరికి వస్తాయి. పరుపు ఒక పక్క కుంగుతుంది. తర్వాత రొమ్ము మీద బరువు. అర నిమిషమో, రెండు నిమిషాలో. ఉన్నట్టుండి తాడు తెగినట్టు అన్నీ ఊడిపోతాయి. లేచి కూర్చుంటే బనీను తడిసి ఉంటుంది.

మొదటిసారి పెనుకొండలో. 1980ల మొదట్లో, ఉద్యోగం కొత్త, పెళ్లి కాలేదు. క్వార్టర్సు వెనక కిటికీ తీస్తే కొండ, కొండ మీద కోట. నా మొహం చూసి మా పాయింట్స్‌మన్ ఏమీ అడక్కుండానే రోగం కనిపెట్టేశాడు. "కోట్లో సచ్చిన సిపాయిలు సార్. కొత్తగా వచ్చినోళ్లను ఒకతూరి చూసిపోతారు" అన్నాడు, ఇన్‌స్పెక్షనుకు వచ్చే ఆఫీసర్ల గురించి చెప్పినంత మామూలుగా. సిపాయిలకు ఆ ఊళ్లో కరువు లేదు మరి. 1565లో రాక్షసి తంగడి యుద్ధం పోయాక తిరుమలరాయలు విజయనగరం వదిలి వచ్చి రాజధాని పెట్టింది పెనుకొండలోనే. ఆ తర్వాత గోల్కొండ సైన్యాలు, ఇంకా ఎవరెవరో. ఆ కొండ కింద ఎవరి గుండెల మీద ఎవరు కూర్చున్నా చరిత్ర ఒప్పుకుంటుంది.

హిందూపురంలో క్వార్టర్సు పక్కింటావిడ కన్నడం మనిషి. ఆవిడ లెక్కలో సిపాయిలు గిపాయిలు ఎవరూ లేరు. అది ఆడమనిషి, వీధులంట తిరుగుతుంది, తలుపు కొడుతుంది. దాని సంగతి వేరే చెప్పాలి, చెబుతాను. ధర్మవరంలో మేమున్న ఇంటి యజమాని మగ్గం నేసేవాడు. ఆయన కాస్సేపు ఆలోచించి, "ఈ వీధిలో పురిట్లో పోయిన బాలింత ఒకామె ఉండాది సామీ. ఆమే అయ్యుంటాది" అని తీర్పు చెప్పాడు.

మూడు ఊళ్లు, మూడు దయ్యాలు. నాకు మాత్రం మూడు చోట్లా వచ్చినది ఒక్కటే. అవే అడుగులు, అదే బరువు. బదిలీ నాకైతే, అది కూడా సామాను సర్దుకుని నా వెంట వచ్చింది. దానికి జాయినింగ్ టైము కూడా అక్కర్లేకపోయింది.

ఈ విషయంలో అందరికంటే ముందు నాకు సలహా ఇచ్చింది మా అవ్వ. నా చిన్నప్పుడు వేసవిలో మిద్దె మీద అందరం వరసగా పడుకునేవాళ్లం. నిద్ర పట్టేముందు ఆవిడ ఒక్కొక్కరినే తట్టుకుంటూ వచ్చేది. "ఎల్లకిలా పండుకోవద్దురా, పక్కకు తిరుగు. ఎల్లకిలా పండుకుంటే గాలి వచ్చి ఎక్కి కూసుంటాది" అనేది. గాలి అంటే మా వైపు వీచే గాలి ఒక్కటే కాదు, సోకే గాలి కూడా. తలాపున చీపురు పెట్టేది, ఇనుప ముక్క ఏదైనా పెట్టేది. ఎవరైనా రాత్రి పూట పేరు పెట్టి పిలిస్తే ఒక్క పిలుపుకు పలకొద్దనేది. మూడుసార్లు పిలిస్తేనే మనిషి, ఒక్కసారి పిలిస్తే మనిషి కాదు.

పీడకల అన్న మాటనే చూడండి. పీడ అంటే కష్టమనీ బాధనీ వాడుకుంటున్నాం గాని, సంస్కృతంలో ఆ ధాతువుకు మొదటి అర్థం నొక్కడం, పిండడం. నొక్కే కల. ఇంగ్లీషు వాళ్ల నైట్‌మేర్‌లో మేర్ ఆడగుర్రం కాదు, నిద్రలో రొమ్ము మీద కూర్చునే ఒక పిశాచం. ఫ్రెంచి వాళ్ల కోష్‌మార్‌లో మొదటి సగం తొక్కడం అన్న మాట. జర్మన్లు ఆల్ప్‌డ్రుక్ అన్నారు, ఆల్ప్ అనే భూతం వేసే ఒత్తిడి అని. జపానులో కనశిబారి, ఇనుప గొలుసులతో కట్టేసినట్టు ఉండడం. కెనడాకు తూర్పున న్యూఫౌండ్‌లాండ్ దీవిలో జాలరులు ముసలిది వచ్చిందంటారు. అక్కడివాళ్ల అనుభవాలు పోగుచేసి డేవిడ్ హఫర్డ్ అనే జానపద పండితుడు 1982లో ఒక పుస్తకమే వేశాడు. ఇన్ని దేశాలవాళ్లు ఒకరి పుస్తకం ఒకరు చూసి రాసుకున్నారనడానికి లేదు. మా అవ్వకు అసలు చదువే రాదు.

1664లో ఇస్‌బ్రాండ్ వాన్ డీమెర్‌బ్రూక్ అనే డచ్చి వైద్యుడు తన దగ్గరికి వచ్చిన ఒక నడివయసు స్త్రీ సంగతి రాసిపెట్టాడు. ఆవిడకు పగలు ఏ జబ్బూ లేదు. రాత్రి కాస్త నిద్ర పట్టేసరికి ఒకసారి సైతాను మీద పడుకున్నట్టు, ఒకసారి పెద్ద కుక్క, ఒకసారి దొంగ. అరవబోతే గొంతు రాదు. అదీ వెల్లకిలా పడుకున్నప్పుడేనట. ఇది చదివినప్పుడు నాకు ఆ డచ్చావిడ మీద కంటే మా అవ్వ మీద గౌరవం పెరిగింది.

ఇక శాస్త్రం ఏమంటుందో చూద్దాం. రిటైరయ్యాక నాకు దొరికిన తీరికలో సగం దీనికే ఖర్చుపెట్టాను.

షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి, తన ఎనిమిదేళ్ల కొడుకును పడుకోబెట్టి, కళ్ల పక్కన తీగలు అతికించి, రాత్రంతా యంత్రం ముందు కూర్చునేవాడు. పిల్లవాడు గాఢంగా నిద్రపోతూనే ఉన్నాడు, మూసిన రెప్పల కింద కనుగుడ్లు మాత్రం చకచకా తిరుగుతున్నాయి. అతనూ, అతని గురువు నథానియెల్ క్లైట్‌మనూ కలిసి 1953లో ఈ సంగతి ప్రకటించారు. మనం కళ్లు చెదిరే కలలు కనేది ఎక్కువగా ఈ నిద్రలోనే. సుమారు గంటన్నరకొకసారి వస్తుంది, తెల్లవారుజాముకు దాని వాటా పెరుగుతుంది.

ఆ తర్వాత ఫ్రాన్సులో లియాన్ నగరంలో మిషెల్ జువే పిల్లుల మీద పరిశీలిస్తే ఇంకో సంగతి బయటపడింది. ఈ కలల నిద్రలో మెదడు జోరుగా పనిచేస్తూ ఉంటుంది, ఒంట్లో కండరాలు మాత్రం పూర్తిగా సడలిపోతాయి. మెదడు అడుగుభాగం నుంచి వెన్నుపాముకు కదలొద్దని ఆర్డరు పోతుంది. ఆ ఆర్డరు పంపే చోటును పాడుచేసిన పిల్లులు నిద్రలోనే లేచి లేని ఎలుకల మీద దూకాయి. అంటే ఆ కట్టు మన మేలుకోరి వేసినదే. కలలో పరుగెత్తే మనిషి నిజంగా పరుగెత్తకుండా, మిద్దె మీంచి కింద పడకుండా.

నా భాషలో చెప్పాలంటే ఇది పాత ఒంటి లైను మీద టోకెను పద్ధతి లాంటిది. టోకెను బంతి చేతికి అందితే గాని డ్రైవరు బండి కదపకూడదు. మామూలుగా మెలకువా, కట్టు విడడమూ ఒకేసారి జరుగుతాయి. ఎప్పుడైనా మెదడు ముందు లేచి విజిల్ వేస్తుంది, ఒంటికి టోకెను ఇంకా రాలేదు. ఆ మధ్యలో చిక్కుకున్న అర నిమిషమే మన దయ్యం. ఆ సమయంలో ఆడేవి కళ్లు, డయాఫ్రం. ఊపిరి ఆగదు. కాని పక్కటెముకల మధ్య కండరాలు సడలి ఉంటాయి గనక, భయపడి గట్టిగా పీల్చబోతే ఊపిరి మన చెప్పుచేతల్లో ఉండదు. రొమ్ము మీద బరువు అదే. కల ఇంకా పూర్తిగా వదల్లేదు గనక గదిలోకి అడుగులు వస్తాయి. అపాయాన్ని పసిగట్టే మెదడు భాగం మహా చురుగ్గా ఉంది, అపాయం మాత్రం కనపడదు. అటువంటప్పుడు అది ఊరుకుంటుందా? ఒక మనిషిని నిలబెడుతుంది.

దీనికి నిద్ర పక్షవాతం అన్న అర్థం వచ్చే పేరు స్థిరపరచింది 1928లో కిన్నియర్ విల్సన్ అనే నరాల వైద్యుడు. పేరుకు పక్షవాతమే గాని దానితో ఏ సంబంధమూ లేదు, ప్రాణం మీదికి రాదు. 2011లో షార్ప్‌లెస్, బార్బర్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వవేత్తలు 35 పరిశోధనలు కలిపి లెక్క తీస్తే, మామూలు జనంలో నూటికి 7.6 మందికి జీవితంలో ఒక్కసారైనా జరిగిందని తేలింది. విద్యార్థుల్లో అది నూటికి 28.3. పరీక్షలకు రాత్రిళ్లు మేలుకునే జాతి గదా! వేళకు నిద్ర లేనివాళ్లకు, షిఫ్టులు మారేవాళ్లకు, వెల్లకిలా పడుకునేవాళ్లకు ఇది ఎక్కువ. పెనుకొండ పక్కన 2019 నుంచి కార్ల ఫ్యాక్టరీ నడుస్తున్నది. రాత్రి షిఫ్టు దిగి పగలు పడుకునే కుర్రవాళ్లు ఇద్దరు ముగ్గురు నాతో ఇదే చెప్పుకున్నారు. వాళ్ల భాషలో సిపాయిలు లేరు, "ఏదో నెగటివ్ ఎనర్జీ అంకుల్" అన్నారు. సిపాయిలే నయం.

ఇక్కడ ఒక మాట. శాస్త్రం పేరు చెప్పి తిరిగే కట్టుకథలు కూడా ఉన్నాయి. చింతచెట్టు కింద రాత్రిపూట పడుకుంటే దయ్యం పడుతుందంటారు. హిందూపురం చింతపండు బజారు పుణ్యమా అని చింతచెట్లకు మా వైపు లోటు లేదు, వాటి మీద దయ్యాలకూ లేదు. బడిలో మా పంతులుగారొకరు దీన్ని ఒక్క దెబ్బతో తేల్చేవారు. చెట్లు రాత్రిపూట బొగ్గుపులుసు వాయువు వదులుతాయి, దానితో ఊపిరాడదు, అంతే! మేము చప్పట్లు కొట్టాం. చెట్టు వదిలే మాట నిజమే గాని ఆరుబయట గాలికి అది నిలుస్తుందా? తలుపులు బిగించుకుని నలుగురు గురకపెట్టే గదిలో పేరుకునేది దానికంటే ఎంతో ఎక్కువ. పడుకున్న గదిలోకే వచ్చి కూర్చునే దయ్యాన్ని చెట్టుకు కట్టెయ్యడం వల్ల లాభం లేదు. దయ్యాన్ని నమ్మినవాడు కనీసం తనకు కనిపించింది చెబుతున్నాడు. ఈ రకం వివరణ చెప్పేవాడు ఆ పూట చెట్టు కింద పడుకుని చూసినవాడు కూడా కాదు.

సరే, హిందూపురం ఆడమనిషి సంగతి. 1990లలో కర్ణాటకలో, బెంగుళూరులో తలుపుల మీద "నాళె బా" అని రాసుకున్నారు, రేపు రమ్మని. మన వైపు "ఓ స్త్రీ, రేపు రా" అని రాశారు. రాత్రి ఒక ఆడదయ్యం వచ్చి ఇంట్లోవాళ్ల గొంతుతో పిలుస్తుంది, తలుపు తీస్తే మనిషి దక్కడు. తలుపు మీద రాత చూస్తే మాత్రం మర్యాదగా వెళ్లిపోయి మర్నాడు వస్తుంది. మర్నాడూ అదే రాత. 2018లో హిందీవాళ్లు ఈ సంగతి మీద "స్త్రీ" అని సినిమా తీసి డబ్బు చేసుకున్నారు. హిందూపురం అటూ ఇటూ కాని ఊరు గనక మా వీధిలో కొన్ని తలుపుల మీద రెండు భాషల్లోనూ రాత కనిపించింది. సుద్దముక్కతో, బొగ్గుతో, స్తోమతు ఉన్నవాళ్లు పెయింటుతో. అక్షరాస్యత ఉద్యమం కూడా జోరుగా సాగుతున్న కాలమది. వీధిలో సగం మందికి ఇంకా సంతకం రాలేదు, దయ్యానికి మాత్రం రెండు లిపులు వచ్చేశాయి!

నవ్వుతాం గాని, దాని పిలుపు సంగతి కొట్టిపారెయ్యడానికి లేదు. నిద్ర పడుతున్న క్షణంలో ఎవరో మన పేరు పెట్టి పిలిచినట్టు స్పష్టంగా వినిపించడం చాలామందికి ఉన్నదే. చాలాసార్లు అమ్మ గొంతు, అక్క గొంతు. అది కల గుమ్మంలో మోగే గంట. ఒక్కసారి మోగి ఊరుకుంటుంది. నిజంగా పనిబడి వచ్చిన మనిషి పలక్కపోతే రెండోసారి పిలుస్తాడు, మూడోసారి తలుపు బాదుతాడు. మా అవ్వ పెట్టిన మూడు పిలుపుల పరీక్ష కంటే మంచి పరీక్ష ఏ లాబరేటరీలోనైనా తయారుచేస్తారా అని నాకు అనుమానం.

మగవాళ్లను తీసుకుపోయే ఆడదయ్యం మన సొత్తే అనుకోవద్దు. థాయిలాండు ఈశాన్య జిల్లాల్లో 1990 ప్రాంతంలో విధవ దయ్యం తిరుగుతోందని పుకారు లేచి, మగవాళ్లు గోళ్లకు రంగులు వేసుకుని పడుకున్నారు, ఆడవాళ్లనుకుని వదిలేస్తుందని. వాళ్ల భయం వెనక నిజమైన చావులున్నాయి. ఆరోగ్యంగా ఉన్న పడుచు మగవాళ్లు నిద్రలో పోయారు. లావోస్ నుంచి అమెరికాకు కాందిశీకులుగా వెళ్లిన మాంగ్ జాతివాళ్లలోనూ 1970ల చివర, 80లలో అట్లాగే జరిగితే, రొమ్ము మీద కూర్చునే తమ భూతమే తీసుకుపోయిందన్నారు వాళ్లు. 1992లో స్పెయిన్ దేశస్థులైన బ్రుగాడా సోదరులు గుండె లయ తప్పే ఒక జబ్బును వర్ణించాక ఇటువంటి చావులు చాలావాటికి కారణం దొరికింది. అది గుండె జబ్బు, వంశంలో వస్తుంది. గుండెల మీద కూర్చునేది వేరు, గుండెలో ఉన్నది వేరు. వంశంలో పడుచువాళ్లు నిద్రలో పోయిన ఇల్లయితే తలుపు మీద రాతలు మాని ఇ.సి.జి. తీయించుకోవాలి.

ఇంతవరకూ చెప్పినది తీరికగా చదువుకున్న సంగతి. ఇది నాకు ఎందుకు పనికొచ్చిందో ఇప్పుడు చెబుతాను.

మా చెల్లెలిది ధర్మవరం. ఇంట్లో రెండు మగ్గాలు. వాళ్ల అబ్బాయికి మొదటి భార్య పురిట్లో పోయింది, బిడ్డ కూడా దక్కలేదు. ఏడాదిన్నర తర్వాత మళ్లీ పెళ్లి చేశారు. వచ్చిన పిల్ల బుద్ధిమంతురాలు, పట్టు పని తెలిసిన ఇంటి నుంచే వచ్చింది. మాఘమాసం ముహూర్తాలకు చీరలు అందించాలంటే ఆ ఇంట్లో రాత్రి పన్నెండు దాకా లైటు ఆరదు. ఆ పిల్ల కండెలు చుట్టి, జరీ సర్ది, మగ్గం గుంత పక్కన ఉన్న కొద్దిపాటి జాగాలో చాప వేసుకుని పడుకునేది. పక్కకు తిరిగితే గుంతలో పడతానని భయం. అందుకని వెల్లకిలా. కొళాయి నీళ్లు వచ్చే రోజైతే మళ్లీ నాలుగింటికి లేవాలి.

ఒక రాత్రి ఆ పిల్ల మూలుగుతుంటే లేపారు. ఎవరో వచ్చి రొమ్ము మీద కూర్చున్నారని చెప్పింది. వారంలో మళ్లీ రెండుసార్లు. వీధిలో ఎవరూ ఆట్టే ఆలోచించలేదు. ఇంకెవరు, మొదటామే! మగ్గం మీద తన చోట ఇంకొకామె కూర్చుంటే ఊరుకుంటుందా? ఊరవతల నుంచి ఒక భూతవైద్యుణ్ణి పిలిపించారు. వాడు వేపమండలతో ఆ పిల్ల వీపు మీద బాది, అంత్రం కట్టి, ఎనిమిది వేలు తీసుకున్నాడు. గోడ మీద ఉన్న మొదటి కోడలి ఫోటో తీసి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టించాడు. అయినా తగ్గలేదు. తగ్గకపోయేసరికి, పిల్లను పుట్టింటికి పంపండి, ఉగాది పోయాక చూద్దాం అన్నాడు. పుట్టింటికి పంపడమంటే ఏమిటో ఆ వీధిలో అందరికీ తెలుసు. ఉగాది పోయాక పిలుచుకొచ్చేవాళ్లు ఉంటే ఉంటారు, లేకపోతే లేదు.

ఇంకో పక్క మా మేనల్లుడి స్నేహితుడొకడు, బాగా చదువుకున్నవాడు. దయ్యం లేదు గియ్యం లేదు, అంతా భ్రమ, పని ఎగ్గొట్టడానికి వేస్తున్న వేషం అన్నాడు, అదీ ఆ పిల్ల వింటుండగానే. భూతవైద్యుడు కొడితే వీపు మీద తట్లు తేలాయి. ఇతని మాటతో ఆ పిల్ల నోరే మూసుకుంది.

చెల్లెలు ఫోన్ చేస్తే వెళ్లాను. ఆ పిల్ల మంచినీళ్లు తెచ్చిచ్చి గడప పక్కన నిలబడింది. మా చెల్లెలు పక్కింటికి వెళ్లేదాకా ఆగి చెప్పాను.

"అమ్మా, నా మీద కూడా కూర్చునేది. ముప్ఫయ్యేళ్లు కూర్చుంది."

ఆ పిల్ల తలెత్తి చూసింది. "మీ మీద కూడానా పెద్దనాయనా?"

"పెనుకొండలో కూర్చుంది, హిందూపురంలో కూర్చుంది, ఈ ధర్మవరంలోనూ కూర్చుంది. అడుగుల చప్పుడు వస్తాది గదా ముందు?"

"వస్తాది. తడిసిన కాళ్లతో నడిచినట్టు."

"నోరు పెగలదు."

"పెగలదు పెద్దనాయనా. ఆంజనేయ దండకం చదవాలనుకుంటా. నాలిక తిరగదు. కండ్లు మాత్రం ఆడతాయి. మగ్గం కనపడతానే ఉంటాది."

"సరే, ఆమె మొహం ఎట్లుంది?"

చాలాసేపు మాట్లాడలేదు. పవిట కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. తర్వాత మెల్లగా, "మొహం నేను చూల్లేదు పెద్దనాయనా" అంది. "ఎవరో అనే చెప్పినా. ఆమే అని వాళ్లే చెప్పినారు. ఆ తరువాత నుంచి ఆమె మాదిరే అనిపిస్తాంది."

ఈజిప్టువాళ్లనూ డెన్మార్కువాళ్లనూ పోల్చి 2013లో వెలువడిన ఒక పరిశోధన సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. ఒకే జబ్బు. కాని ప్రాణం తీసేస్తుందేమోనన్న భయం ఈజిప్టువాళ్లలోనే ఎక్కువగా కనిపించింది. వచ్చినది ఫలానా జిన్ను అని చెప్పేవాళ్లు అక్కడ ఇంటింటికీ ఉంటారు. భయంతో నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే అది మళ్లీ వస్తుంది. ఆ పిల్లకు డెన్మార్కు సంగతి చెప్పలేదు గాని టోకెను సంగతి చెప్పాను. మా మేనల్లుణ్ణీ కూర్చోబెట్టి చెప్పాను. బుర్ర ఉన్నవాడు, పడుగు పేకల లెక్కలో చెబితే ఇంకా తొందరగా పట్టుకున్నాడు.

"అయితే ఆమె రాలేదంటారా?" అని అడిగింది ఆ పిల్ల, చివర్లో.

"రాలేదమ్మా."

ఊరట పడుతుందనుకున్నాను. కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఆమె ఫోటో తీయించేసినారు పెద్దనాయనా, నా వల్ల" అంది.

మర్నాడు ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. పగటిపూట ఉన్నట్టుండి నిద్ర ముంచుకొస్తుందా, గట్టిగా నవ్వితే కాళ్లు పట్టుదప్పుతాయా అని అడిగాడు. అవి ఉంటే వేరే జబ్బు, బెంగుళూరు పంపాలన్నాడు. లేవు. రక్తం తక్కువగా ఉందని మాత్రలు రాసి, రాత్రి ఏడు గంటలన్నా నిద్ర ఉండాలన్నాడు. మా చెల్లెలితో అసలు యుద్ధం అక్కడే వచ్చింది. "ముహూర్తాలు నువ్వు ఆపుతావా అన్నా?" అంది. ఆపలేను. లెక్క వేస్తే ఆ పిల్ల రాత్రి పది తర్వాత చుట్టే కండెలు తెల్లారి కూడా చుట్టొచ్చని తేలింది. నీళ్లు పట్టడం మా మేనల్లుడికి పడింది. చాప గుంత పక్క నుంచి నడవలోకి మారింది, పక్కకు తిరిగి పడుకోవడానికి చోటు దొరికింది. పుట్టింటి ప్రయాణం సంగతి, రెండు నెలలు చూసి మాట్లాడదామని ఒప్పించాను. భూతవైద్యుడి ఎనిమిది వేలు ఎవరూ అడగలేదు. అడిగినా వచ్చేవి కావు.

ఫాల్గుణం వెళ్లేలోపు ఒకే ఒక్కసారి వచ్చిందట. ఆ పిల్లే ఫోన్ చేసి చెప్పింది. "మీరు చెప్పినట్టే పెద్దనాయనా, ఇది అదేలే అనుకున్నా. ఊపిరి దాని పాటికి దాన్ని వదిలేసినా. దండకం మనసులోనే చదువుతా కాలి బొటనవేలు ఆడించే దానికి చూసినా. ముందు ఆడలేదు. తరువాత ఆడింది. పోయింది."

"దండకం సగంలో పోయిందా, వేలు ఆడితే పోయిందా?" అన్నాను.

"రెండూ ఒకేసారి" అంది, నవ్వుతూ. ఆ పిల్ల నవ్వు వినడం నాకదే మొదటిసారి.

ఉగాదికి వెళ్లాను. కొత్త కండెలు చుట్టి బుట్టలో పెట్టి ఉన్నాయి. మగ్గం ఎదురుగా గోడ మీద మొదటి కోడలి ఫోటో మళ్లీ వేలాడుతోంది, అద్దం తుడిచి, బొట్టు పెట్టి, మల్లెల దండ వేసి. అటక మీంచి ఎవరు దించారని మా చెల్లెల్ని అడిగితే కళ్లతోనే కోడలి వైపు చూపించింది. నడవలో చుట్టి పెట్టిన చాప పక్కన తలగడ ఉంది, తలగడ కిందనుంచి పాత కొడవలి పిడి బయటికి కనిపిస్తోంది. దాని ఊసు నేను ఎత్తలేదు.